బాతు పొదుగు మీదుండగా

మార్చి నెలలో పిరోష్కా ఇంట్లో ఎవరూ నిలబడి మాట్లాడకూడదు. చర్చి ఫాదరైనా, పన్ను వసూలుకొచ్చినవాడైనా, పశువుల డాక్టరైనా, దారి తప్పి వచ్చిన బిచ్చగాడైనా సరే, ముందు కూర్చోవాలి. హంగరీ మైదానంలో, తీసా నది పాత పాయ వెంబడి, పొలాల మధ్య విసిరేసినట్టుండే ఒంటరి ఇళ్ళన్నిటిలోనూ ఈ పట్టింపు ఉంది. పెద్దబాతు గుడ్ల మీద కూర్చున్న ఇంటికి వచ్చి, తాను కూర్చోకుండా వెళ్ళినవాడు ఆ పొదుగును తనతోపాటు పట్టుకుపోతాడు. పెట్ట లేచిపోతుంది, గుడ్లు చల్లబడిపోతాయి. మిగతా ఇళ్ళలో మర్యాదకి ఓ కుర్చీ చూపించి ఊరుకుంటారు. పిరోష్కా మాత్రం మనిషి కూర్చునేదాకా నోరు విప్పనిచ్చేది కాదు.

ఒకసారి పోస్టుమాన్ గుమ్మం దగ్గరే సైకిలాపి, "నేను సీటు మీద కూర్చునే ఉన్నాను కదమ్మా, దిగితేనే నిలబడ్డట్టు" అన్నాడు.

"సైకిలు నా ఇంట్లో కుర్చీ కాదు. దిగి లోపలికొచ్చి బల్ల మీద కూర్చో. ఉత్తరం సంగతి తర్వాత" అంది పిరోష్కా.

పాపం, ఆ మనిషి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గసగసాల రొట్టె కూడా తినాల్సొచ్చింది. ఆ తర్వాత నుంచి మార్చి నెల ఉత్తరాలన్నీ పక్క పొలంలో ఉండే వెండెల్ ఇంట్లో పడేసి చల్లగా జారుకునేవాడు. వెండెల్ మంచివాడు, నిదానస్తుడు, తీరిక దొరికినప్పుడు తెచ్చిచ్చేవాడు. కూర్చోవడం అతనికి ఎప్పుడూ కష్టం కాలేదు.

బాతుల పిచ్చి మొదట పిరోష్కాది కాదు, ఆమె మొగుడు అంబ్రుష్‌ది. పిల్లల్లేని ఇల్లు. ఆ ప్రేమంతా ఎటు పోవాలి, దొడ్లోకి పోయింది. అక్టోబరు వచ్చిందంటే చుట్టుపక్కల మగవాళ్ళు కొత్త ద్రాక్షసారా గురించి మాట్లాడుకుంటూ ఉంటే, అంబ్రుష్ చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా బాతుల చుట్టూ తిరిగేవాడు. ఏ పెట్ట వీపు వెడల్పు, ఏది కాళ్ళు తిన్నగా వేస్తోంది, దేని తల్లి చివరిదాకా పొదిగింది, అన్నీ చూసి నాలుగు పెట్టల్ని, ఒక పోతుని తీసి వేరే ఉంచేవాడు. వాటికి ఇక ఈకలు పీకడం లేదు, మొక్కజొన్న లేదు. ఓట్స్ గింజలు, క్యారెట్ ముక్కలు, ఎండుగడ్డి, అంతే. మొక్కజొన్న తిని కొవ్వెక్కిన పెట్ట గుడ్డు పెట్టదని అతని వాదన. ఈ జతలన్నీ చలి ముదరకముందే కుదరాలి. ఆ తర్వాత పోతుని మారిస్తే పెట్టలు దగ్గరికి రానివ్వవు.

"పెళ్ళయ్యాక మొగుణ్ణి మారుస్తామంటే నువ్వు మాత్రం ఒప్పుకుంటావా?" అని పెళ్ళాన్ని అడిగేవాడు.

"మంచివాణ్ణి చూపిస్తే ఆలోచిస్తా" అనేది పిరోష్కా.

వాళ్ళ పోతుబాతు పేరు జడ్జి. ఎవరేం చెప్పినా తల పక్కకి వాల్చి శ్రద్ధగా విని, ఆ తర్వాత పిక్క పట్టుకుని కరుస్తుంది కాబట్టి ఆ పేరొచ్చింది. దానికి అంబ్రుష్ ఒక్కడే లోకువ కానివాడు. పిరోష్కా పిక్కల మీద దాని తీర్పులు చాలానే ఉన్నాయి.

పెట్టల్లో ఒకటి బూడిద రంగుది. వరదొచ్చిన ఏడు అంబ్రుష్ పడవలో వేసుకొచ్చి బతికించిన ముసలి పెట్ట ఉండేది. దాని కడుపున పుట్టింది ఇది. ముసలిది కిందటి వేసవిలో పోయింది, ఆ వంశంలో ఇక మిగిలింది ఇదొక్కటే. తొలి ఏడాది గుడ్లు పెట్టి, సగంలో పొదుగు వదిలేసి లేచిపోయింది. అలాంటి పెట్ట నేరుగా కుండలోకి పోవాలని ఎవరైనా అంటారు. అంబ్రుష్ ఒప్పుకోలేదు. "తొలిసారి ఎవరికైనా భయమే. ఇంకో ఏడు చూద్దాం" అన్నాడు.

ఆ ఇంకో ఏడు చూడ్డానికి అతనికే వీలు కాలేదు. నవంబరులో, ఇంటింటా బాతు వండుకునే మార్టిన్ పండగనాడు, పళ్ళెంలో బాతు తొడ పెట్టుకుని, ఒక్క ముద్ద కూడా గొంతు దిగక అలాగే కూర్చున్నాడు. క్రిస్మస్‌కి బెల్టుకి కొత్త చిల్లు పడింది. జనవరిలో సహకార సంఘం లారీలో పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కడుపు కోసి, చూసి, మళ్ళీ కుట్టేశారు. ఎందుకు కుట్టేశారో ఎవరూ చెప్పలేదు. పిరోష్కా అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

ఇంటి దగ్గర ఆమెకి చేతినిండా పని. పెద్దబాతులు నీటిమీదైతేనే సరిగ్గా జత కడతాయి. పాయలో మంచు పేరుకుంటే పొద్దున్నే గొడ్డలితో పగలగొట్టి, అవి దిగేంత చోటు చెయ్యాలి. ఆమె పగలగొట్టింది. పెట్టలు వచ్చాయి, జడ్జి రాలేదు. గేటు దగ్గర నిలబడి దారి వైపు చూస్తూ ఉండిపోయింది. మూడో రోజుకి పిరోష్కాకి విసుగొచ్చి అంబ్రుష్ గొర్రెతోలు కోటు తొడుక్కుంది, నెత్తిన అతని టోపీ పెట్టుకుంది, చేత అతని కర్ర పట్టుకుంది. జడ్జి తల వాల్చి ఆ కోటుని కాసేపు చూసి, కిక్కురుమనకుండా వెనకే నడిచింది.

అది చూసి పొలానికవతల నుంచి వెండెల్ పరుగెత్తుకొచ్చాడు. అంబ్రుష్ తిరిగొచ్చేశాడనుకున్నాడు. దగ్గరికొచ్చి ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇదేం వేషం వదినా?"

"జడ్జిగారికి మొగాడైతే గానీ కుదరదట."

ఇద్దరూ నవ్వారు. వెండెల్ నవ్వు ముందు ఆగిపోయింది. ఇంటికొచ్చాక కూడా పిరోష్కా ఆ కోటు చాలాసేపు విప్పలేదు. కాలరు దగ్గర ఇంకా అతని పొగాకు వాసన ఉంది.

ఆదివారాలు బస్సెక్కి పట్నం వెళ్ళేది. రాతిరోడ్డు మీదుగా రోజుకి ఒకటే బస్సు, మధ్యాహ్నం వస్తుంది. మార్చి మొదట్లో వెళ్ళినప్పుడు ఈ కోటు సంగతి చెబితే అంబ్రుష్ కుట్లు పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక దుప్పటి మీద అతని చెయ్యి చూసింది పిరోష్కా. ఆ చెయ్యి తను ఎరిగినది కాదు, ఎముకల మీద తోలు మాత్రమే ఉంది.

"బూడిద పెట్ట సంగతేంటి?" అన్నాడు.

"గుడ్లు పెట్టింది. గూట్లో ఈకలు పీక్కుని పరుచుకుంటోంది. రేపో ఎల్లుండో కూర్చుంటుంది."

"నా మంచం కిందేనా గూడు?"

"నీ మంచం కిందే. ఎలాగూ ఖాళీగా ఉందిగా."

"అయితే ఇక రాకు."

పిరోష్కా దుప్పటి అంచు సర్దింది.

"దాన్నొదిలి రాకే పిరోష్. అది బెదురు పెట్ట. రోజూ ఒకే చెయ్యి మేత పెట్టాలి, లేకపోతే కిందటేడులాగే లేచిపోతుంది. పిల్లలు బయటికొచ్చాక ఒకదాన్ని ఏప్రన్‌లో చుట్టుకుని తీసుకురా. చూడాలనుంది."

"ఇక్కడికి రానిస్తారా?"

"నర్సు ఎతెల్కా మంచిది. అటు తిరిగి నిలబడుతుందిలే."

ఎవరైనా అడగొచ్చు, మొగుడు అలా ఉంటే బాతు కోసం ఇంట్లో కూర్చుంటుందా ఏ ఆడదైనా అని. అడిగారు కూడా. వెండెల్ పెళ్ళాం తెర్కా ముఖం మీదే అడిగింది.  పిరోష్కాకి చెప్పుకోలేని నమ్మకం ఒకటి లోపల నాటుకుపోయింది. పెట్ట ఆ మంచం కింద కదలకుండా ఉన్నంతకాలం అంబ్రుష్ అక్కడ ఆ మంచం మీద ఉంటాడు. పెట్ట లేచిందా, అంతే. పెట్ట నిలబడాలి, పిల్లలు రావాలి, ఒకదాన్ని ఏప్రన్‌లో చుట్టుకుని వెళ్ళి అతని చేతిలో పెట్టాలి. ఆ నెలంతా ఆమె బతికింది దానికోసమే.

కాబట్టి ఆ మార్చిలో ఆమె చాదస్తం మరీ ముదిరింది. పాలకోసం వచ్చినవాళ్ళనీ, నిప్పుకోసం వచ్చినవాళ్ళనీ కూర్చోబెట్టింది. రోజూ మధ్యాహ్నం లోపల పెట్ట ఒకసారి గూడు దిగి, గింజలు తిని, పాయలో ఒక మునక వేసి తడి రెక్కలతో వస్తుంది. ఆ తడి గుడ్లకి మంచిది. అది తిరిగొచ్చేదాకా పిరోష్కా గుమ్మంలోనే నిలబడి ఉండేది. వచ్చేది. బెదురు పెట్ట అన్నమాటే గానీ, ఒక్కరోజూ ఆలస్యం చెయ్యలేదు.

గుడ్లు పగిలే రోజులు దగ్గరపడ్డాయి. ఆ రోజు పెట్ట మునకకి వెళ్ళగానే పిరోష్కా గోరువెచ్చని నీళ్ళు బేసిన్లో పోసి గుడ్లన్నీ అందులో వదిలింది. లోపల ప్రాణం ఉన్న గుడ్డు నీటిమీద తనంతట తానే ఊగుతుంది. లేనిది ఊరికే తేలుతుంది. ఒంగి చూస్తూ ఉండగా బయట జడ్జి బుస కొట్టింది. కిటికీలోంచి చూసింది.

వెండెల్ వస్తున్నాడు. బావి దగ్గర ఆగి టోపీ తీశాడు.

అక్కడి మగవాళ్ళు టోపీ తీసేది గుమ్మం దాటాక. దొడ్లోనే, బావి దగ్గరే తీశారంటే తెచ్చింది చావు కబురు. ఆ పల్లెలో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పిరోష్కా వాళ్ళమ్మ పోయినప్పుడూ, అన్న యుద్ధంలో పోయినప్పుడూ ఇలాగే ఎవరో ఒకరు బావి దగ్గర ఆగి టోపీ తీశారు.  అయినా ఆమె చేతులు నీళ్ళలోంచి తియ్యలేదు.

"వదినా" అన్నాడు వెండెల్ గుమ్మంలో.

"కూర్చో."

"కూర్చునే టైము లేదు, ఒక మాట..."

"పెట్ట పొదుగు మీదుంది. ఇన్నేళ్ళుగా వస్తున్నావు, నీకు కొత్తగా చెప్పాలా?"

"పెట్ట పాయలో ఉంది. ఇప్పుడే చూశాను."

"అది తిరిగొచ్చేదాకా కూర్చో మరి."

వెండెల్ కూర్చున్నాడు. ఆమెని కాదనడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. మాట మోసుకుపొమ్మంటే ఎంత దూరమైనా మోస్తాడు, దించమంటేనే కష్టం. పిరోష్కా లేచి రొట్టె కోసింది, ఉప్పువేసిన పందికొవ్వు పెట్టింది, చిన్న గ్లాసులో పళ్ళసారా పోసింది.

"వదినా, సంఘం ఆఫీసుకి ఫోను..."

"ముందు తాగు. ఎంత చెమట పట్టిందో చూడు. ఇటు చూడు, ఈ గుడ్డు ఎలా ఊగుతోందో. లోపల కాళ్ళు తన్నుకుంటోంది. ఇదిగో, ఇది కూడా. ఇది కదల్లేదనుకున్నాను, కాదు, కదిలింది. చూశావా? అన్నిటిలోనూ ఉన్నాయి, వెండెల్. అన్నిటిలోనూ ప్రాణాలున్నాయి. అంబ్రుష్ చెప్పాడు, నేనే నమ్మలేదు."

ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. అతను చెప్పనంతసేపూ అంబ్రుష్ ఆస్పత్రిలో దిండుకి ఆనుకుని, సూపులో ఉప్పు లేదని నర్సుల్ని సాధిస్తూ ఉంటాడు. చెప్పాడా, ఇక ఉండడు. ఈ గుడ్లు పగిలేదాకా కాకపోయినా, కనీసం ఈ రొట్టెముక్క అయ్యేదాకా ఉంచుకుందామని ఆమె ఆశ. వెండెల్ గ్లాసు చేత్తో పట్టుకుని, గుడ్ల వంకా ఆమె వంకా చూస్తూ, నోరు తెరిచి మళ్ళీ మూశాడు.

రాతిరోడ్డు మలుపు దగ్గర బస్సు హారను మోగింది. మోగి, దూరమైపోయింది.

"వదినా" అన్నాడు వెండెల్. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఆ బస్సు..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు బావి దగ్గర టోపీ తీసినప్పుడే తెలిసిపోయింది. ఇక చెప్పు. ఎప్పుడు పోయాడు?"

వెండెల్ తన టోపీ వంక చూసుకున్నాడు.

"చెమట పట్టి తీశాను వదినా. ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాను. పోలేదు. బతికే ఉన్నాడు. నిన్ను అడుగుతున్నాడట. బస్సుకి పంపెయ్యమన్నారు."

పిరోష్కా చేతిలో ఒక గుడ్డు ఉంది. దాన్ని మళ్ళీ నీళ్ళలోకే వదిలింది. ఏప్రన్ విప్పలేదు, చేతులు తుడుచుకోలేదు.

"బండి కట్టు" అంది.

ఆ గుడ్లని ఒక్కొక్కటే తుడిచి గూట్లో పెట్టింది వెండెలే, ఆ మొరటు వేళ్ళతో, ఆమె దొడ్లో నిలబడి గుర్రం కోసం అరుస్తూ ఉండగా. పెట్ట పాయలోంచి వచ్చి ఆమె పక్కనుంచే లోపలికి నడిచింది. దాని వంక ఆమె చూడనైనా లేదు. తెర్కా వచ్చి ఇంట్లో ఉంది.

వానలకి దారంతా బురద. వెండెల్ గుర్రానిది అసలే ముసలి ప్రాణం. దారిలో అతను ఏదో అనబోతే, "నువ్వేం అనకు. చెప్పనివ్వంది నేను" అంది. ఆ తర్వాత పట్నం దాకా రాత్రంతా బండి నడుస్తూనే ఉంది.

తెల్లారాక చేరారు. ఆ గదిలో మంచం మీద దుప్పటి అప్పటికే మార్చేసి ఉంది. ఎతెల్కా లావుపాటి మనిషి, వయసులో పెద్దది. పిరోష్కాని చూడగానే చేతిలో ట్రే పక్కన పెట్టేసింది.

"రాత్రే పోయాడమ్మా. సాయంత్రం దాకా తెలివిలోనే ఉన్నాడు."

పిరోష్కా మంచం వంక చూసింది.

"నీ గురించే అడిగాడు. బస్సొచ్చిందా అన్నాడు. వచ్చింది, దారిలో ఉందన్నాను. అబద్ధమో నిజమో నాకు తెలీదు. నొప్పి పెద్దగా లేదమ్మా, ఇంజెక్షనిచ్చాం." ఎతెల్కా మళ్ళీ అంది. "ఒకటడుగుతాను, ఏమనుకోకు. మీ ఇంట్లో బాతు పొదుగు మీదుందా?"

"ఉంది."

"అదే అనుకున్నాం. ఈ నెలంతా మమ్మల్నెవర్నీ నిలబడనివ్వలేదు. మందివ్వడానికొచ్చినా సరే, ముందు మంచం అంచున కూర్చోవాల్సిందే. పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కొస్తే ఆయన్నీ కూర్చోమన్నాడు. 'డాక్టరుగారూ, మీరు నిలబడి వెళ్ళిపోతే అక్కడ మా ఆవిడ కష్టమంతా పాడవుతుంది' అన్నాడు. ఆయన నవ్వి కూర్చున్నారు. నిన్న సాయంత్రం కూడా నన్ను కూర్చోమని సైగ చేశాడు, మాట రాక. నేను కూర్చునే ఉన్నానమ్మా. చివరిదాకా కూర్చునే ఉన్నాను."



"నువ్వొస్తే నీకు కుర్చీ వెయ్యమన్నాడు" అంది ఎతెల్కా. గోడ దగ్గరి కుర్చీ తెచ్చి ఆ ఖాళీ మంచం పక్కన వేసింది.

పిరోష్కా కాసేపు ఆ కుర్చీ వంక చూసింది. దాన్ని తన్నెయ్యాలనీ అనిపించింది, గట్టిగా పట్టుకోవాలనీ అనిపించింది. తర్వాత కూర్చుంది. అప్పుడొచ్చింది ఏడుపు. తడిసి ఆరిన ఏప్రన్ ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆ వార్డులో ఉన్నవాళ్ళంతా వింటూ ఉండగా ఏడ్చింది.

గుడ్లన్నీ పగిలాయి. ఒక్కటీ చెడలేదు. అంతకుముందు ఏ ఏడాదీ అలా కాలేదు. ఇంకెప్పుడైనా అయితే అంబ్రుష్ ఈ కబురు చెప్పడానికి ఇంటింటికీ తిరిగేవాడు. తెర్కా గుమ్మంలో నిలబడి ఆనందంగా చెప్పబోయి, బండి దిగుతున్న మనిషి ముఖం చూసి మాట మింగేసింది. పిరోష్కా ఉడకబెట్టిన గుడ్డూ, తరిగిన దురదగొండాకూ కలిపి పిల్లలకి మేత పెట్టింది. వాటి ఆకలికి చావు సంగతేం తెలుసు. పాతిపెట్టేరోజు నల్లబట్టల మీద తెల్ల ఏప్రన్ కట్టుకొచ్చిందని చర్చిలో గుసగుసలాడారు. గోతి దగ్గర ఫాదరు ప్రార్థన చదువుతూ ఉండగా ఆ ఏప్రన్‌లోంచి సన్నగా కిచకిచ వినిపించింది. ఫాదరు ఒక్కక్షణం ఆగి, వినిపించనట్టే మళ్ళీ చదువుకుపోయాడు.

ఆ తర్వాత కూడా ఆమె చాలా ఏళ్ళు బాతుల్ని పెంచింది. అక్టోబరులో తనే జతలు కుదిర్చింది. చలికాలంలో ఆ కోటే తొడుక్కుని మంచు పగలగొట్టింది. కాలరులో పొగాకు వాసన పోయి బాతుల వాసన పట్టింది. జడ్జి మాత్రం ఆ కోటు వెనకే నడిచింది, దాని ఆయుష్షు తీరేదాకా.

మరుసటి మార్చిలో బూడిద పెట్ట మళ్ళీ ఆ మంచం కిందే కూర్చుంది. ఒకరోజు కిటికీలోంచి చూస్తే వెండెల్ దొడ్లోకి వస్తున్నాడు. గాలి గట్టిగా వీస్తోంది. బావి దాటేటప్పుడు రెండు చేతులతో టోపీని నెత్తికి అదిమిపట్టుకుని నడుస్తున్నాడు. పిరోష్కా గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"అక్కడే ఉండు. ఏంటో చెప్పు."

"ముందు కూర్చోవాలిగా వదినా. పెట్ట..."

"పెట్ట సంగతి పెట్ట చూసుకుంటుంది. ముందు చెప్పు."

"ఏం లేదు వదినా. మా పార కర్ర విరిగింది. మీ పార ఇస్తావేమోనని."

"పారకోసమేనా?"

"పారకోసమే."

పిరోష్కా అతని ముఖంలోకి కాసేపు చూసి, పక్కకి తప్పుకుంది.

"అయితే లోపలికొచ్చి కూర్చో" అంది.